96 నాటి లెక్కల పుస్తకం

హోస్ట్: అందరికీ నమస్కారమండి. ఆదివారం పొద్దున్నే అమలాపురం దగ్గర ఒక కొబ్బరి పీచు మిల్లులో కూర్చున్నాం. బాబాయ్ గారూ, రెండేళ్ల కిందట నాకు ఇంజినీరింగ్‌లో నాలుగు సబ్జెక్టులు పోయినప్పుడు, పిల్లల్ని వ్యాపారస్తులతో కలిపే కార్యక్రమమని కాలేజీ వాళ్లు నన్ను మీ దగ్గరికి పంపారు, గుర్తుందా?

బాబాయ్ గారు: ఆయ్, ఎందుకు గుర్తుండదమ్మా. ఆ బల్ల మీద కూర్చుని గంటసేపు ఒక్క మాటా మాట్లాడలేదు నువ్వు.

హోస్ట్: కష్టపడితే పైకొస్తావని క్లాసు పీకుతారనుకున్నా. మీరేమో బీరువా తీసి 1996 లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టారు.

బాబాయ్ గారు: ఆ ఏడాది నవంబరు 6 రాత్రి తుఫాను. తెల్లారి చూస్తే తోటలకి తోటలే పడున్నాయి. కాయల్లేకపోతే పీచు తీసే డొక్కల్లేవు, డొక్కల్లేకపోతే మిల్లు ఎలా తిరుగుద్ది? మళ్లీ మొక్క పెడితే కాపుకి ఐదారేళ్లు పడుద్ది, అప్పులవాళ్లు అన్నాళ్లు ఆగరు కదమ్మా.

హోస్ట్: డిసెంబరు పేజీలో జమ వైపంతా ఖాళీ, ఖర్చు వైపు బియ్యం, కిరోసిన్, పక్కన పెన్సిల్‌తో ఎవరికెంత బాకీ. ఒకచోట అంకె కొట్టేసి, కింద మళ్లీ అదే అంకె రాశారు. అది చూసి ఏడుపొచ్చేసింది నాకు, ఎందుకంటే నేనూ నా మార్కులు అలాగే మళ్లీ మళ్లీ కూడుకునేదాన్ని.

బాబాయ్ గారు: గెలిచిన కథ చెప్తే పిల్లలు ఇంకా కుంగిపోతారు. చితికిపోయిన ఏడాదిలో రోజులెలా గడిచాయో చెప్తేనే నోరు విప్పుతారు. అలాగని నేను డాక్టర్ని కాదు. నీకు వారాల తరబడి నిద్ర లేదని తెలిశాక ధైర్యం చెప్పి ఊరుకుంటే తప్పు.

హోస్ట్: పక్కన కూర్చుని టెలీ మానస్‌కి, అదే మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేయించారు. 14416 అండి, రాసుకోండి. రాత్రయినా పగలైనా చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు. పెద్దమనిషిని పిలిచి శాలువా కప్పి గంట స్పీచ్ ఇప్పిస్తే పిల్లలకి ఒరిగేదేం లేదు. ప్రతి ఆదివారం పదింటికి మీరిక్కడ ఉంటారన్న నమ్మకమే నన్ను నిలబెట్టింది.

బాబాయ్ గారు: నాకూ మేలే జరిగిందమ్మా. ఆ తుఫాను సంగతి మా పిల్లలకైనా అంత వివరంగా చెప్పలేదు. నీకు చెప్పాకే, రాత్రిళ్లు గాలేస్తే ఉలిక్కిపడి లేవడం తగ్గింది.

హోస్ట్: ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదండి మీరు!

బాబాయ్ గారు: ఇప్పుడు చెప్తున్నాగా. ఉండమ్మా, పదయింది, కొత్తబ్బాయి గేటు దగ్గరే నిలబడిపోయాడు. లోపలికి తీసుకొస్తాను.