కోల్డ్ స్టార్ట్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ గలగల: అసలు శబ్దం ఎక్కడిదో తేల్చడం

ఈ వీడియోలో వాల్వ్ అంటే ఇంజిన్ హెడ్‌లోది కాదు. స్పోర్ట్స్ కార్లలో సైలెన్సర్ దగ్గర తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే ఫ్లాప్. రాత్రంతా ఆగిన కారుని స్టార్ట్ చేయగానే వెనక నుంచి గలగలమంటుంది, కాసేపటికి ఆగిపోతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లేసరికి ఏ శబ్దమూ ఉండదు. అందుకే చాలామంది వాల్వ్ మార్చేస్తారు, శబ్దం మాత్రం అలాగే ఉంటుంది.

కారు కనీసం ఎనిమిది గంటలు ఆగి ఉండాలి. ఆరుబయట పెట్టండి, మూసిన గ్యారేజీలో వద్దు, పొగ ప్రాణం తీస్తుంది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి సైలెన్సర్ పక్కన పెట్టండి. ఒకరు స్టార్ట్ చేస్తే ఇంకొకరు వెనక నిలబడి వినాలి.

శబ్దం ఎంతసేపు ఉందన్నదే ముఖ్యం. స్టార్ట్ అయిన ఒకటి రెండు సెకన్లలో ఒక్కసారి 'టక్' మని ఆగిందా? వదిలేయండి. వాక్యూమ్‌తో, అంటే ఇంజిన్ గాలి పీల్చే బలంతో పనిచేసే వాల్వ్ చాలా కార్లలో వాక్యూమ్ లేనప్పుడు తెరుచుకునే ఉంటుంది, ఇంజిన్ తిరగగానే మూసుకుంటుంది. మోటార్ ఉన్నదైతే రెండు చివరలకీ తిరిగి తన స్థానం సరిచూసుకోవచ్చు. రెండూ మామూలే. మొదటి నిమిషం, నిమిషంన్నర 'జుయ్' మని వాక్యూమ్ క్లీనర్‌లా మోగితే అది ఎగ్జాస్ట్‌లోకి గాలి ఊదే సెకండరీ ఎయిర్ పంపు. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని త్వరగా వేడెక్కించడానికి ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) కూడా అప్పుడు ఎక్కువగా ఉంటుంది, కాబట్టి మోత పెరగడం సహజం.

ముందు వైపు నుంచి 'టిక్ టిక్' మంటూ, యాక్సిలరేటర్‌తో పాటు వేగం పెరిగి, వేడెక్కాక తగ్గితే మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్‌ని, అంటే ఇంజిన్‌కీ ఎగ్జాస్ట్ గొట్టానికీ మధ్య ఉండే సీలుని అనుమానించండి. లోహం వ్యాకోచించి సందు మూసుకుపోతుంది. జాయింట్ దగ్గర నల్లటి మసి చారలు కనిపిస్తే ఇక వాల్వ్ వైపు వెళ్లకండి.

ఇప్పుడు అసలు గలగల. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కారు లేపి జాక్ స్టాండ్ల మీద పెట్టండి. ఒక్క జాక్‌ని నమ్మి కిందకి దూరవద్దు. హీట్ షీల్డులని (వేడిని ఆపే రేకులని) గుప్పిటతో తట్టి చూడండి, చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. తర్వాత వాల్వ్ లివర్ పట్టుకోండి.

(క్లోజప్: లివర్, షాఫ్ట్, స్ప్రింగ్)

లివర్ తిరగాలి, అది దాని పని. మోటార్ ఉన్నదాన్ని మాత్రం బలవంతంగా తిప్పకండి, గేర్లు పాడవుతాయి. షాఫ్ట్‌ని పైకీ కిందకీ ఊపండి. అటూ ఇటూ ఆడుతూ 'టక టక' మంటే బుష్ (షాఫ్ట్ తిరిగే రింగు) అరిగింది. మోటార్‌కీ షాఫ్ట్‌కీ మధ్య స్ప్రింగ్ ఉన్న రకంలో, అది వదులైతే ఒక ఆర్‌పీఎం దగ్గరే బర్రుమంటుంది, అటూ ఇటూ దాటితే ఆగుతుంది.

వాక్యూమ్ రకానికి హ్యాండ్ పంపు కావాలి. లివర్‌ని కదిలించే యాక్చుయేటర్ పైపు తీసి పంపు తగిలించి 15 నుంచి 20 అంగుళాల (పాదరసం కొలతలో, inHg) వాక్యూమ్ ఇవ్వండి. లివర్ ఒక్క ఊపులో కదిలి, పంపు గేజ్ ముల్లు ఒక నిమిషం నిలబడాలి. ముల్లు దిగితే లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) చిరిగింది. ముల్లు నిలబడినా లివర్ మధ్యలో ఆగితే షాఫ్ట్ తుప్పు పట్టింది. ఎప్పుడూ దగ్గరి దూరాలే తిరిగే కార్లలో సైలెన్సర్‌లో నీరు నిలిచి ఇలా అవుతుంది. ఇవి రెండూ బాగుంటే పగిలిన పైపు, చెక్ వాల్వ్ (గాలిని ఒకవైపే పోనిచ్చేది), సోలినాయిడ్ (వాక్యూమ్‌ని కరెంట్‌తో వదిలే, ఆపే స్విచ్) వరుసగా చూడండి. వాక్యూమ్ బలహీనంగా ఉంటే ఫ్లాప్ సగంలో నిలిచి కొట్టుకుంటుంది.

ఇంకా సందేహమా? వాక్యూమ్ రకమైతే యాక్చుయేటర్ పైపు తీసేసి, పైపు చివర బిరడా పెట్టండి. లివర్‌ని తెరిచిన స్థితిలో తీగతో బిగించి మరుసటి ఉదయం స్టార్ట్ చేయండి. గలగల పోతే తప్పు వాల్వ్‌దే. పోకపోతే వాల్వ్‌కి డబ్బు పెట్టకండి. ఒక ఉదయం ఒక్క మార్పే చేయాలి, రెండు కలిపితే ఏది పనిచేసిందో తెలియదు.

షాఫ్ట్‌కి మామూలు స్ప్రే ఆయిల్ కొడితే వేడికి కాలిపోతుంది. వేడి సైలెన్సర్ మీద కొడితే మంట అంటుకోవచ్చు కూడా. చల్లారాక పొడి గ్రాఫైట్ వాడండి. బుష్ అరిగితే అదీ కొద్ది రోజులే. చాలా కార్లలో బుష్ విడిగా దొరకదు, వాల్వ్ సెట్ మొత్తం మార్చాలి. మోటార్ మారిస్తే స్కానర్‌తో కొత్త స్థానాలు నేర్పించాల్సి రావచ్చు, మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి.