‘నానూక్ ఆఫ్ ది నార్త్’: ఇందులో నన్ను బాధపెట్టిన అబద్ధం ఒక్కటే

నమస్తే అండి. ఈరోజు మనం మాట్లాడుకునే సినిమాకి వందేళ్లు దాటాయి. 1922లో రాబర్ట్ ఫ్లాహర్టీ తీసిన డాక్యుమెంటరీ, ‘నానూక్ ఆఫ్ ది నార్త్’. కెనడాలో హడ్సన్ బే ఒడ్డున ఒక ఇన్యూట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులు) కుటుంబం ఎలా బతుకుతుందో చూపిస్తుంది. మూకీ సినిమానే, కానీ ఇగ్లూ గోడకి మంచుపలకతో కిటికీ పెట్టే సీన్‌లో నేను రెప్ప వేయలేదు.

అయితే హీరో అసలు పేరు నానూక్ కాదు, అల్లకరియల్లాక్. తెరమీద భార్యగా కనిపించే ఆమె ఆయన భార్య కాదు. అప్పటికే అక్కడ తుపాకులతో వేటాడుతున్నారు, ఫ్లాహర్టీ మాత్రం ఈటెలే పట్టించాడు. ఇగ్లూ లోపల కెమెరాకి వెలుతురు చాలదని ఒక పక్క గోడ లేకుండా కట్టించాడు.

ఇగ్లూ సంగతి నేను తప్పుపట్టను. ఆనాటి కెమెరాతో లోపల తీయడం కుదరని పని. వేట విషయంలో మాత్రం, ‘ఇది పాతకాలం పద్ధతి’ అని ఒక్క టైటిల్ కార్డు వేసుంటే సరిపోయేది. వేయలేదు.

నాకు మింగుడుపడనిది గ్రామఫోన్ సీన్. వ్యాపారి పాట వినిపిస్తాడు, నానూక్ తెల్లబోయి రికార్డుని కొరికి చూస్తాడు. నిజానికి ఆయనకి గ్రామఫోన్ కొత్తేమీ కాదు! పైగా షూటింగ్‌లో ఫ్లాహర్టీకి సాయంగా ఫిల్మ్ కడిగింది ఇన్యూట్ మనుషులే. అంత పనితనం ఉన్నవాళ్లలో ఒకరిని ఏమీ తెలియని అమాయకుడిలా నిలబెట్టాడు. ఇంకో మాట. సినిమాకి డబ్బు పెట్టింది రెవియోన్ ఫ్రేర్ అనే జంతుచర్మాల వ్యాపార కంపెనీ. నానూక్ తోళ్లు ఇచ్చి సరుకు తీసుకుంటాడు కదా, ఆ బేరం న్యాయమైనదేనా అన్న ప్రశ్నే సినిమా ఎత్తదు.

నటింపజేస్తే అబద్ధమైపోతుందా అంటే, కాదు. ఎర్రల్ మోరిస్ 1988లో తీసిన ‘ది థిన్ బ్లూ లైన్’ డాక్యుమెంటరీ చూడండి. ఒక పోలీసు హత్యని నటులతో మళ్లీ మళ్లీ తీశాడు, ఒక్కో సాక్షి మాట ప్రకారం ఒక్కోలా. ఆ సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగవని మన కళ్లకే తెలిసిపోతుంది. ఆయనా ఒక పక్షం తీసుకున్నాడు, శిక్ష పడిన రాండల్ ఆడమ్స్ నిర్దోషి అని. దాచలేదు. ఆడమ్స్ 1989లో జైలు నుంచి బయటికొచ్చాడు.

నానూక్ తప్పకుండా చూడండి. గ్రామఫోన్ సీన్ వచ్చినప్పుడు అల్లకరియల్లాక్ కళ్లు గమనించండి. నవ్వుతూ మధ్యలో కెమెరా వైపు చూస్తుంటాడు. ఆ చూపులో మీకేం కనిపించిందో కామెంట్‌లో రాయండి, అన్నీ చదువుతాను.