రాత్రి రెండు గంటల అలారం

నమస్కారమండీ. బయట పోస్టర్ మీద "అవార్డులు కొల్లగొట్టిన సైన్స్ ఫిక్షన్ రచయిత్రి" అని వేశారు. అబద్ధమేం కాదు. అమెరికన్ నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ బతికుండగా సైన్స్ ఫిక్షన్‌కిచ్చే పెద్ద అవార్డులు, రెండు హ్యూగోలు, రెండు నెబ్యులాలు అందుకుంది. 1995లో మెకార్థర్ ఫెలోషిప్ కూడా వచ్చింది, అంటే 2,95,000 డాలర్లు. సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లలో అది దక్కిన మొదటి మనిషి ఆవిడే. సరే, అవార్డుల సంగతి అయిపోయింది. నేను మాట్లాడదామని వచ్చింది బంగాళాదుంప చిప్స్ గురించి.

1970లో క్లారియన్ అనే రచనా శిబిరానికి వెళ్లింది, అప్పటికి ఇరవై మూడేళ్లు. అక్కడున్నప్పుడే రెండు కథలు అమ్ముడుపోయాయి. ఇంకేముంది, దారి పడిపోయింది అనుకుంటాం కదా. ఒక కథ మరుసటి ఏడాది అచ్చయింది. రెండోది ఏ సంకలనం కోసం కొన్నారో ఆ సంకలనం ఏళ్ల తరబడి వెలుగు చూడలేదు, ఆ కథ చివరికి 2014లో బయటికొచ్చింది, ఆవిడ పోయిన ఎనిమిదేళ్లకి. ఆ రెండు కథల తర్వాత ఐదేళ్లపాటు ఆవిడ రాసిందేదీ ఎవరూ కొనలేదు. ఆ ఐదేళ్లూ గిన్నెలు తోమింది, ఫోన్లు చేసి వస్తువులు అమ్మింది, ఒక ఫ్యాక్టరీలో చిప్స్ ఏరే పని చేసింది, అంటే మాడినవీ పనికిరానివీ తీసి పక్కన పడేయడం. పనికి వెళ్లేముందే రాసుకోవాలని రాత్రి రెండింటికి లేచేది.

నా సంగతి ఒకటి చెప్తాను, నవ్వకండి. కుర్రతనంలో నేనూ వారపత్రికలకి కథలు పంపేవాణ్ణి. తిరుగు టపాకి స్టాంపులంటించిన కవరు జతచేయాలి కదా, దాని మీద అడ్రసు మనమే రాయాలి. పోస్ట్‌మ్యాన్ దూరంగా వస్తుంటేనే కవరు మీద నా చేతిరాత నాకు కనపడేది. ఏడు కవర్లు వచ్చాయి. ఎనిమిదోది నేను పంపలేదు. అందుకే ఆవిడ ఐదేళ్లని నేను మెచ్చుకోలుగా కాదు, కాస్త భయంగా చూస్తాను.

ఇంట్లో పరిస్థితి కూడా చెప్పాలి. కాలిఫోర్నియాలో పాసడీనా. నాన్న బూట్లు పాలిష్ చేసేవాడు, చిన్నప్పుడే పోయాడు. అమ్మ తెల్లవాళ్ల ఇళ్లలో పనిమనిషి, వాళ్లు పారేసిన పుస్తకాలు కూతురికి తెచ్చిచ్చేది. కూతురికేమో డిస్లెక్సియా, చదవడం నెమ్మది, మనిషి ఆరడుగుల పొడుగు, మహా మొహమాటం. పదేళ్లప్పుడు టైప్‌రైటర్ కావాలని పేచీపెడితే అమ్మ కొనిచ్చింది, తెలిసినావిడ ఒకరు "పిల్లని పాడుచేస్తున్నావు, అది అటక మీద దుమ్ము పట్టిపోతుంది" అన్నట్టు మాట్లాడింది. నల్లవాళ్లు రచయితలు కాలేరమ్మా అని పిన్నో అత్తో, బంధువే, ప్రేమగానే చెప్పింది. తర్వాత ఒక ఏజెంటు ఫీజంటూ వాళ్ల నెల అద్దె కంటే ఎక్కువ డబ్బు గుంజుకున్నాడు. పన్నెండేళ్లప్పుడు టీవీలో ఒక నాసిరకం అంగారక గ్రహం సినిమా చూసి, ఇంతకంటే బాగా నేను రాయగలను అనుకుందట. మనలో చాలామంది రాయడం మొదలుపెట్టింది కూడా అలాగే, ఒప్పుకోం గానీ.

మొదటి నవల 1976లో వచ్చింది. కానీ మీరు ఒక్కటే చదవాలంటే 1979లో వచ్చిన 'కిండ్రెడ్' చదవండి. దాని వెనక రెండు సంగతులున్నాయి. కాలేజీలో ఒక నల్లజాతి కుర్రాడు, మన ముసలాళ్లందరూ అణిగిమణిగి ఉండి మనల్ని ఇన్నాళ్లూ వెనక్కి లాగారు, వాళ్లని చంపేయాలనిపిస్తుంది, కానీ మా అమ్మానాన్నలతో మొదలుపెట్టాల్సి వస్తుంది అన్నాడట. రెండోది, పనిచేసే ఇళ్లలోకి అమ్మ వెనక గుమ్మంలోంచి వెళ్లడం, ఎదురుగానే ఎవరో తక్కువ చేసి మాట్లాడితే విననట్టు ఊరుకోవడం చిన్నప్పుడు ఈవిడ చూసింది. చూసి అమ్మ మీదే సిగ్గుపడింది. ఆ ఊరుకోవడం వల్లే తన కంచంలోకి అన్నం వచ్చిందని తర్వాత తెలిసింది. దొర గడి ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన తాతలున్న ఇళ్లలో మనవళ్లు ఈ మాటే అడుగుతారు, ఎందుకు తిరగబడలేదు తాతా అని.

కథేమిటంటే, 1976లో లాస్ ఏంజెలెస్ పక్కన డేనా అనే నల్లజాతి రచయిత్రి కొత్తింట్లో పుస్తకాలు సర్దుకుంటూ ఉండగా కళ్లు తిరిగి, పందొమ్మిదో శతాబ్దపు మేరీల్యాండ్‌లో ఏటి ఒడ్డున తేలుతుంది. నీళ్లలో ఒక తెల్ల పిల్లాడు మునిగిపోతున్నాడు. వాడే రేపు బానిసల యజమాని, ఈవిడ వంశానికి మూలపురుషుడు కూడా. వాడు బతికితేనే ఈవిడ పుడుతుంది. ఎన్నిసార్లు పిలుపొస్తే అన్నిసార్లు వెళ్లి వాణ్ణి కాపాడాలి. ఆఖరి ప్రయాణంలో ఎడమ చెయ్యి పోతుంది. ఎలా వెళ్లింది, ఏ యంత్రం, ఇవేవీ చెప్పదు. మొదట మగవాణ్ణి పెట్టి రాద్దామనుకుంది, కానీ ఈ కాలపు మగవాడు తలెత్తి చూసిన చూపుకే వాణ్ణి అక్కడ చంపేస్తారని అర్థమై ఆడమనిషిగా మార్చింది. నా మటుకు ఆ ఒక్క నిర్ణయంలోనే ఆవిడ ఏపాటి రచయిత్రో తెలిసిపోతుంది.

దీనికోసం మేరీల్యాండ్ వెళ్లి చూడాలి, డబ్బులేవీ? 'సర్వైవర్' అనే ఇంకో నవలని సరిగా పండకముందే అమ్మేసి ఆ డబ్బుతో వెళ్లింది. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ చూస్తే, అక్కడి గైడ్లు బానిసలు అనే మాటే ఎత్తడం లేదు, సేవకులు అంటున్నారు. ఆ 'సర్వైవర్'ని మాత్రం తర్వాత మళ్లీ అచ్చెయ్యనివ్వలేదు.

అవార్డులొచ్చిన కథలు 'స్పీచ్ సౌండ్స్', 'బ్లడ్‌చైల్డ్'. రెండోదాంట్లో వేరే గ్రహం మీద మగపిల్లలు గర్భం మోస్తారు, అన్నం తినేముందు చదవకండి.

ఇక అందరూ 'పేరబుల్ ఆఫ్ ద సోవర్' గురించి అడుగుతారు. 1993లో రాసింది, కథ 2024 జూలైలో మొదలవుతుంది. ఎండిపోతున్న కాలిఫోర్నియా, డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిన నీళ్లు, గోడల వెనక బతికే కాలనీ. దాని రెండో భాగంలో అధ్యక్షుడి నినాదం అమెరికాని మళ్లీ గొప్పగా చేద్దామనే, అది 1998 పుస్తకం. దాంతో ఆవిడకి జ్యోతిష్యురాలని పేరొచ్చింది. నాకిది నచ్చదు. ఇప్పుడు పట్టించుకోకుండా వదిలేస్తున్న సమస్యలకి ముప్ఫై ఏళ్లు ఎదగడానికి టైమిచ్చాను, అంతే అని ఆవిడే అంది. జ్యోతిష్యం అంటే ఆ చదివిన పేపర్లూ, తిరిగిన లైబ్రరీలూ అన్నీ ఎగిరిపోతాయి.

2006 ఫిబ్రవరిలో పోయింది, యాభై ఎనిమిదేళ్లకే. 'పేరబుల్ ఆఫ్ ద సోవర్' న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాకెక్కింది 2020లో.

ఆవిడ కాగితాలన్నీ హంటింగ్టన్ లైబ్రరీలో ఉన్నాయి. 1988 నాటి నోట్‌బుక్కు అట్ట మీద తనకి తానే రాసుకున్న పేజీ ఒకటుంది. నేను బెస్ట్ సెల్లర్ రచయిత్రినవుతాను అని మొదలుపెట్టి, అలాగే జరుగుగాక, జరిగేలా చూసుకో అని తనకే హుకుం జారీ చేస్తుంది. ఆ కింద కోరికల చిట్టా. పేద నల్లజాతి పిల్లల్ని క్లారియన్‌కి పంపిస్తాను. ఇప్పుడు ఆవిడ పేరు మీద ఉన్న స్కాలర్‌షిప్పు చేసేది దాదాపు అదే పని. అమ్మకీ నాకూ మంచి వైద్యం చేయిస్తాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు కారు అద్దెకి తీసుకుంటాను. ఈ చివరిది ఎందుకంటే ఆవిడ కారు నడపలేదు, ఎక్కడికెళ్లినా బస్సే. అప్పటికే రెండు హ్యూగోలు ఇంట్లో ఉన్నాయి.

ప్రశ్నలుంటే అడగండి. వెనక వరసలో మాస్టారు ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు, ముందు ఆయనకి మైకివ్వండి.