బాలింత మాత్ర ఎందుకు తప్పుతుంది?

అందరికీ నమస్కారం.

కడుపుతో ఉన్నన్నాళ్లూ ఒక్క పూట తప్పకుండా హెచ్‌ఐవీ మాత్ర వేసుకున్న అమ్మాయి, కాన్పయ్యాక ఎందుకు తప్పుతుంది? నర్సులు, కౌన్సెలర్లు ఇంతమంది ఉన్నారు కాబట్టి ఈ ఒక్క విషయమే మాట్లాడతాను. ఇది ఒకరిద్దరి సంగతి కాదు. పలు దేశాల్లో జరిగిన 51 అధ్యయనాలను కలిపి చూసిన లెక్క 2012లో వెలువడింది. గర్భిణుల్లో దాదాపు 76 శాతం మంది ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, సరిగ్గా వాడారు. కాన్పు తర్వాత అది 53 శాతానికి పడిపోయింది. బిడ్డ చనుబాలు తాగే రోజులవే.

"బిడ్డ మీద ప్రేమ ఉంటే మానేస్తుందా?" అని కొందరు అనేస్తుంటారు. ఆ మాట వింటే నాకు చాలా బాధేస్తుంది. ఒక్క రోజు ఆమె పక్కన కూర్చుని చూడండి. రాత్రి నాలుగుసార్లు లేచి ఉంటుంది. మాత్ర కోసం చెయ్యి చాపేలోపు బిడ్డ ఏడుస్తుంది. ఎత్తుకుని పాలిస్తూ అలాగే కునుకు తీస్తుంది. లేచాక, వేసుకుందో లేదో తనకే గుర్తుండదు. పైగా గదిలో బిడ్డను చూడ్డానికి వచ్చినవాళ్లు. సీసా తీస్తే మాత్రలు గలగలమంటాయి. "ఏం మందులవి?" అని అడిగితే ఏం చెప్పాలి? అందుకే సీసాలో దూది కుక్కి, బిడ్డ బట్టల కింద దాచుకునే తల్లులున్నారు. ఆమె టెన్షనంతా ఆ దాచుకోవడంలోనే ఉంది.

మందు ఆగితే కొద్ది వారాల్లోనే వైరస్ మళ్లీ పెరుగుతుంది, పాలల్లోకీ చేరుతుంది. తప్పకుండా వాడితే ఎంత తేడా అంటే, ప్రామిస్ అనే పెద్ద అధ్యయనంలో ఏఆర్‌టీ వాడుతూ పాలిచ్చిన తల్లుల బిడ్డల్లో 12 నెలలకు వైరస్ సోకింది 0.6 శాతానికే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో, మందులు క్రమంగా వాడేలా తోడ్పాటు ఉంటే 24 నెలలు, ఆపైనా పాలివ్వవచ్చని చెప్పింది. మొదటి 6 నెలలు మాత్రం తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు.

మనం తరచూ చెప్పడం మరిచిపోయే మాట ఒకటుంది. బాలింతకు ఐరన్, కాల్షియం బిళ్లలు కూడా ఇస్తాం. వాటితో కలిపి ఏఆర్‌టీలో ఇచ్చే డోలుటెగ్రావిర్ అనే మందును ఖాళీ కడుపున మింగితే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. భోజనంతో అయితే అన్నీ కలిపి వేసుకోవచ్చు. లేదంటే ఆ బిళ్లలకు 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. పాపం, రోజూ మింగుతూనే ఉన్నా ఇది తెలియక నష్టపోయే తల్లి ఉండకూడదు.

"మందులు వాడుతున్నావా అమ్మా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. నేనూ చాలాకాలం అలాగే అడిగాను. ఒకసారి ఒకామెను "ఈ వారంలో ఎన్ని రోజులు కుదరలేదు?" అని అడిగాను. తలదించుకుని బిడ్డ వేళ్లు సవరిస్తూ, "నాలుగు" అంది. ఆమెను తిట్టలేదు. గుర్తొచ్చిన వెంటనే వేసుకోమని, రెండు మాత్రలు మాత్రం ఒకేసారి వద్దని చెప్పాను. ఇంట్లో ఎవరికి తెలుసు, మాత్ర ఎక్కడ పెడుతోంది, ఏ వేళ గది ఖాళీగా ఉంటుంది అని ఆ తర్వాత అరగంట మాట్లాడుకున్నాం. బిడ్డకు టీకా వేయించే రోజే తన మందులూ తీసుకెళ్లేలా ఏర్పాటు చేశాం.