పంట పోయినవాడి పేరు

పెద్దలకు, పొలం పనులు మానుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకు, కౌలు రైతులకు నమస్కారం.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. డెల్టాలో చాలా చోట్ల వరి కోతకొచ్చి ఉంది. కోసిన పనలు కొన్ని చేలోనే ఉన్నాయి. నీళ్లలోంచి ఎత్తి చూస్తే కంకుల మీదే మొలకలు. ఆ రోజుల్లో నాకు తెలిసిన ఒక కౌలు రైతు, "పరిహారం వస్తుందంట, మా ఆసామి చెప్పాడు" అన్నాడు. కబురు ఆసామి నుంచి, అంటే పొలం యజమాని నుంచి, వచ్చింది. నెలల తర్వాత డబ్బు కూడా ఆసామి ఖాతాలోనే పడింది. ఆ సంవత్సరం మక్తా, అంటే పొలానికి కౌలు, మాత్రం ఇతనే కట్టాడు.

పరిహారం అని మనం పిలిచేదానికి ప్రభుత్వం పెట్టిన పేరు ఇన్‌పుట్ సబ్సిడీ. పోయిన పంట విలువ ఇవ్వడం దాని ఉద్దేశం కాదు, మళ్లీ విత్తుకోవడానికి చేసే సాయం. కేంద్రం 2022లో ఖరారు చేసిన లెక్క ప్రకారం నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 రూపాయలు, వర్షాధారానికి 8,500. అంటే మన మాగాణి ఎకరానికి ఏడు వేలు కూడా కాదు. అదీ 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే, రెండు హెక్టార్ల వరకే. రాష్ట్రాలు కొన్నిసార్లు తమ డబ్బు కూడా కలిపి ఇస్తాయి. 2023 మార్చి వడగళ్లకు తెలంగాణ ప్రభుత్వం ఎకరానికి పదివేలు ప్రకటించి, కౌలు రైతులనూ ఆదుకోవాలని చెప్పింది. 2024 సెప్టెంబరు వరదలప్పుడు మన ఆంధ్రప్రదేశ్‌లో వరికి హెక్టారుకు 25,000 ప్రకటించారు.

ఎంత ఇస్తారన్నదాని కంటే ఎవరికి ఇస్తారన్నదే నాకు ఎక్కువ బాధ. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ముందు చూసేది ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం పంటలు నమోదు చేసే జాబితాలో, ఎవరి పేరు ఉందని. అక్కడ సాగు చేసినవాడి పేరు ఉండాలంటే గట్టి ఆధారం కౌలు కార్డు, అంటే కౌలుకు సాగు చేస్తున్నట్టు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. 2011 చట్టంలో కార్డుకు ఆసామి సంతకం అక్కర్లేదు. 2019లో వచ్చిన చట్టం సంతకం కావాలంది. చాలా మంది అక్కడే ఆగిపోయారు. సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇవ్వడేమోనని టెన్షన్. ఆసామికేమో, రేపు పొలం నాదంటాడేమోనని భయం.

ఆసాములు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ కార్డు పదకొండు నెలలే చెల్లుతుంది. భూమి మీద దానితో ఏ హక్కూ రాదు, మీ పాస్‌బుక్ మీ దగ్గరే ఉంటుంది. విత్తనం, ఎరువు, కూలి అన్నీ అతను పెట్టి, వానకు అతనే మునిగినప్పుడు, ఆ ఏడు వేలు మీ ఖాతాలో పడటం న్యాయమా? పడితే పిలిచి ఇచ్చేసిన ఆసాములు కూడా నాకు తెలుసు. వాళ్లకు దండం పెడతాను. కానీ కౌలు రైతు బతుకు ఒకరి మంచితనం మీద ఆధారపడకూడదు.

అమ్మా, ఈ-క్రాప్‌లో మీ పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. వేలిముద్ర వేశాం కదా అని వదిలేయకండి. జాబితా రైతు సేవా కేంద్రంలో అంటించినప్పుడు సర్వే నంబరు, పంట, విస్తీర్ణం మూడూ సరిచూసుకోండి. తప్పుంటే అప్పుడే కాగితం మీద రాసివ్వండి. తుపాను వచ్చాక ఈ పని జరగదు.

కార్డు దరఖాస్తులు కొన్ని తెచ్చాను. సభ అయ్యాక ఈ అరుగు మీదే కూర్చుంటాను. ఆసామి, కౌలుదారు ఇద్దరూ కలిసి రండి, సంతకాలు ఇక్కడే పెట్టేద్దాం.