మూడు కార్డ్‌లెస్ కిట్లు: మోటారు కన్నా ముందు బ్యాటరీ, ఛార్జర్, స్విచ్ చూద్దాం

నమస్తే అండి. బల్ల మీద మూడు కార్డ్‌లెస్ కిట్లు ఉన్నాయి. మూడింటిలోనూ ఒక డ్రిల్, ఒక ఇంపాక్ట్ డ్రైవర్ (దెబ్బలు కొడుతూ స్క్రూలు బిగించేది), ఒక చిన్న గ్రైండర్ వస్తాయి. టార్క్ (తిప్పే బలం) ఎంత, ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఎంత అని డబ్బాల మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది కాబట్టి దాని జోలికి పోవట్లేదు. వీటిలో ఏది చేతికీ ఇంటికీ ముప్పు లేకుండా పనిచేస్తుందో చూద్దాం. అందుకే మార్కులు బ్యాటరీకి, ఛార్జర్‌కి, స్విచ్‌కి వేస్తున్నాం. కంపెనీల పేర్లు కూడా చెప్పను, ఎందుకంటే ఈ మూడు రకాలూ రకరకాల పేర్లతో దొరుకుతాయి. మీ దగ్గర ఉన్నది ఏ రకమో చూస్తే మీకే తెలిసిపోతుంది.

మొదటిది గుండ్రటి పిన్ను ఛార్జర్‌తో వచ్చే చవక కిట్. రెండోది బ్యాటరీని జార్చి బిగించే, సొంత ఛార్జింగ్ డాక్ ఉన్న కిట్. మూడోది ఆ రెండో కిట్ టూల్సే, కాకపోతే వేరే వాళ్ళు చేసిన 'సరిపోయే' బ్యాటరీ, దానితో పాటు ఒక అడాప్టర్.

ముందు మొదటి దాని బ్యాటరీ మీద ఏం రాశారో చూడండి. 48 అట. దీన్ని చూసి 48 వోల్టులు అనుకుంటాం. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల మీద పెట్టి, ప్లస్, మైనస్ టెర్మినల్స్ మీద ఒక్కో పిన్ను ఆనిద్దాం. పిన్నులు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త. చూశారా, 21కి కొంచెం తక్కువే. అంటే లోపల ఐదు లిథియం అయాన్ సెల్స్ వరుసగా కలిపారు, అంతే. ఒక్కో సెల్ నామమాత్రపు వోల్టేజ్ 3.6, నిండా ఎక్కితే 4.2. ఐదింటికి 18, నిండితే 21. అందుకే ఒకే రకం బ్యాటరీని ఒకరు 18 అంటారు, ఇంకొకరు 20 మ్యాక్స్ అంటారు, మరొకరు 21 అంటారు. ముగ్గురూ చెప్పేది ఒకే బ్యాటరీ గురించే. 48, 88 అని రాసినవాళ్ళది మాత్రం వట్టి గొప్ప.

కెపాసిటీని అయితే తూకం వేసి పట్టుకోవచ్చు. టూల్స్‌లో ఎక్కువగా వాడే 18650 సెల్, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండేది, ఒకటి 45 గ్రాముల దాకా తూగుతుంది. టూల్స్‌కి పనికొచ్చేంత కరెంట్ ఇవ్వగల 18650 సెల్ కెపాసిటీ 1.5 నుంచి 3 ఏహెచ్ (ఆంపియర్-అవర్) మధ్య ఉంటుంది. ఐదు సెల్స్ ఒకే వరుసలో ఉంటే ప్యాక్ 3 ఏహెచ్ దాటదు. పది సెల్స్ ఉంటే 6 దాకా వెళ్తుంది. పది సెల్స్ బరువే 450 గ్రాములు, పైన ప్లాస్టిక్, సర్క్యూట్ బోర్డు అదనం. మరి ఈ ప్యాక్ మీద 10 ఏహెచ్ అని రాసి, మొత్తం కలిపి 400 గ్రాములు కూడా తూగకపోతే లోపల ఐదు సెల్సే ఉన్నట్టు.

కెపాసిటీ తగ్గితే పని త్వరగా ఆగిపోతుంది, అంతేగా, దీనికీ భద్రతకీ ఏం సంబంధం అని అడగొచ్చు. సంబంధం ఉంది. గ్రైండర్ గట్టిగా ఇనుము కోస్తున్నప్పుడు 30 ఆంపియర్ల దాకా లాగుతుంది. పది సెల్స్ ప్యాక్‌లో అది రెండు వరుసలకి చెరి 15 చొప్పున పంచుకుపోతుంది. ఐదు సెల్స్ ప్యాక్‌లో ప్రతి సెల్ మీదా మొత్తం 30 పడుతుంది. సెల్‌లో పుట్టే వేడి కరెంట్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి కరెంట్ రెట్టింపైతే వేడి నాలుగింతలు. అందుకే డ్రిల్‌కి 2 ఏహెచ్ ప్యాక్ హాయిగా సరిపోతుంది. గ్రైండర్‌కి, సర్క్యులర్ సాకి మాత్రం 4 ఏహెచ్, ఆపైన ఉన్నదే పెట్టండి. పని మధ్యలో బ్యాటరీని చేత్తో ముట్టుకుని పట్టుకోలేకపోతే ఆపేయండి. అది చల్లారేదాకా ఛార్జింగ్‌కి కూడా పెట్టొద్దు.

ఇక ఈ గుండ్రటి పిన్ను ఛార్జర్. దీని మీద అవుట్‌పుట్ 21 వోల్టులు అని రాసుంది, సరే. పక్కన ఇంకో ఛార్జర్ పెడుతున్నాను, ఆరు సెల్స్ ఉన్న వేరే పరికరంది, 25.2 వోల్టులు. పిన్నులు రెండూ చూడండి. ఒకటే సైజు, ఒకటే ఆకారం. ఇది దానిలో దూరుతుంది, లైటు కూడా వెలుగుతుంది. 25.2ని ఐదు సెల్స్‌కి పంచితే ఒక్కో సెల్‌కి 5 వోల్టులు దాటిపోతుంది. 4.2 దగ్గర ఆగాల్సిన సెల్ అది. లోపల ప్రొటెక్షన్ బోర్డు మంచిదైతే కట్ చేస్తుంది. ఈ ధరలో బోర్డు మంచిదని నమ్మి ఊరుకోలేం. ఇల్లు తగలబడే దారుల్లో ఇది చాలా సులువైనది, ఎందుకంటే ఇక్కడ ఎవరూ తప్పు చేస్తున్నట్టే కనిపించదు. కాబట్టి ఇంట్లో ఉన్న గుండ్రటి పిన్ను ఛార్జర్లన్నీ బయటకి తీసి, ఒక్కో దాని మీద టేప్ అంటించి, ఏ టూల్‌దో, ఎన్ని వోల్టులో మార్కర్‌తో రాసేయండి. ఇవాళే చేయండి. ఈ కిట్‌లో నాకు నచ్చని విషయాల్లో మొదటిది ఇదే.

రెండో కిట్ డాక్ ఇక్కడే మెరుగు. బ్యాటరీకి ప్లస్, మైనస్ కాకుండా ఇంకా సన్నటి టెర్మినల్స్ కనిపిస్తున్నాయి కదా, ఇవి. వీటిలో ఒకటి లోపలి టెంపరేచర్ సెన్సర్‌ది. పని ఆపగానే వేడి బ్యాటరీని డాక్‌లో పెడితే లైటు ఇలా వేరేగా మెరుస్తూ ఉంటుంది, ఛార్జింగ్ మొదలవదు. పాడైందని కంగారు పడి తీసి మళ్ళీ మళ్ళీ పెట్టకండి. చల్లారాక అదే మొదలుపెడుతుంది. సుమారు 5 నుంచి 40 డిగ్రీల మధ్య ఛార్జ్ చేయడం మంచిది. సున్నా కన్నా తక్కువ చలిలో ఛార్జ్ చేస్తే లిథియం లోహంలా పేరుకుని సెల్ లోపల షార్ట్ అయ్యే వీలుంది. ఎండలో తలుపులు మూసి ఆపిన కారులో అయితే బ్యాటరీని అసలు వదలొద్దు.

ఛార్జర్ ఎక్కడ పెడుతున్నారో కూడా చూసుకోండి. నేల మీదో, రాతి బల్ల మీదో పెట్టండి. మంచం, సోఫా, రంపపు పొట్టు ఉన్న బల్ల వద్దు. మెట్ల కిందా వద్దు, తలుపు పక్కనా వద్దు. మంట వస్తే మీరు బయటపడాల్సిన దారి అదే కదా. నిద్రపోతూ, బయటకి వెళ్తూ ఛార్జింగ్ పెట్టకండి. నిండగానే తీసేయండి. నెలల తరబడి వాడకపోతే బ్యాటరీ మీది నాలుగు లైట్లలో రెండు వెలిగేంత ఛార్జ్ ఉంచి, టూల్ నుంచి విడిగా, చల్లటి పొడి చోట పెట్టి, మూడు నెలలకోసారి చూసుకోండి.

బాక్సులో ఎలా పెడుతున్నారన్నదీ ముఖ్యమే. విడి స్క్రూలు, బిట్లు, మేకులు ఉన్న అరలో బ్యాటరీని పడేస్తే, ఒక్క మేకు రెండు టెర్మినల్స్‌కి అడ్డంగా పడితే చాలు, ఎర్రగా కాలిపోతుంది. ప్యాక్‌తో వచ్చిన ఈ ప్లాస్టిక్ మూత అందుకే, దీన్ని పారేయకండి. గ్రైండర్ వాడేవాళ్ళు సన్నటి ఇనుప రజను టెర్మినల్ గాళ్ళలో చేరిందేమో వారానికోసారి చూసి, పొడి బ్రష్‌తో దులపండి. నీళ్ళు, నూనె స్ప్రేలు వద్దు.

మూడో రకం, అడాప్టర్. ఒక కంపెనీ బ్యాటరీని ఇంకో కంపెనీ టూల్‌కి తగిలించే ముక్క ఇది. దీని గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను, కొనొద్దు. కొన్ని కంపెనీలు బ్యాటరీ ఖాళీ అయ్యేటప్పుడు ఆపే సర్క్యూట్‌ని బ్యాటరీలో పెడతాయి, కొన్ని టూల్‌లో పెడతాయి. టూల్ ఆపుతుందిలే అని బ్యాటరీ, బ్యాటరీ ఆపుతుందిలే అని టూల్ చూస్తూ ఉంటే చివరికి ఎవరూ ఆపరు. సెల్ 2 వోల్టుల కిందకి దిగి అలాగే ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. మళ్ళీ ఛార్జ్ పెట్టినప్పుడు ఆ రాగి ఎక్కడెక్కడో పేరుకుని లోపలే షార్ట్ అవుతుంది. అంటే ఐదు సెల్స్ ప్యాక్ 10 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే దాని పని అయిపోయినట్టే. చచ్చిన బ్యాటరీని వైర్లతో ఇంకో మంచి బ్యాటరీకి కలిపి 'లేపే' పద్ధతి చూపించే వీడియోలు చాలా ఉన్నాయి. డాక్ ఆ బ్యాటరీని తిరస్కరించింది ఊరికే కాదు, అలా లేపకండి.

ఇప్పుడు స్విచ్ పరీక్ష. గ్రైండర్ కొన్న రోజే చేయాల్సింది ఇది. డిస్క్ తీసేసి, గ్రైండర్‌ని గట్టిగా పట్టుకుని, స్విచ్‌ని ఆన్‌లో పెట్టండి. ఇప్పుడు బ్యాటరీ తొడగండి. రెండో కిట్ గ్రైండర్ చూడండి, కదల్లేదు. స్విచ్ ఆఫ్ చేసి మళ్ళీ ఆన్ చేస్తేనే తిరుగుతుంది. మొదటి కిట్ గ్రైండర్‌కి అదే చేద్దాం... తొడగగానే తిరిగింది. ఇది చిన్న లోపం కాదండి. బ్యాటరీ తొడిగేటప్పుడు ఒక అరచెయ్యి టూల్ ముందు భాగం మీదే ఉంటుంది. ఈ ఒక్క కారణానికే మొదటి కిట్ గ్రైండర్ నాకు ఫెయిల్. ఇప్పటికే ఇలాంటిది మీ దగ్గర ఉంటే, బ్యాటరీ పెట్టే ముందు స్విచ్ ఎటుందో ప్రతిసారీ కంటితో చూసుకోక తప్పదు.

డిస్క్, బ్లేడు, బిట్ ఏది మార్చినా ముందు బ్యాటరీ బయటకి రావాలి. డ్రిల్‌కి మధ్యలో లాక్ ఉంటుంది కదా, ముందుకీ వెనక్కీ తిప్పే మీట మధ్యలో ఆపితే ట్రిగ్గర్ నొక్కుపడదు. జేబులో పెట్టేటప్పుడు, నిచ్చెన ఎక్కేటప్పుడు అది చాలు. బిట్ మార్చడానికి మాత్రం చాలదు. బిట్‌ని పట్టి ఉంచే చక్‌ని చేత్తో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి బిగించే అలవాటు కూడా మానండి. అరచేతి చర్మం లేచిపోయేది అక్కడే.

గ్రైండర్ డిస్క్ మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం టూల్ ఆర్‌పీఎం కన్నా ఎక్కువ ఉండాలి. 125 మిల్లీమీటర్ల కటింగ్ డిస్క్ మీద సాధారణంగా 12,200 దాకా రాసుంటుంది. మధ్యలో ఉన్న లోహపు రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది, చదవండి. కొత్త డిస్క్ బిగించాక పక్కకి నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. పగిలేదైతే ఎక్కువగా అప్పుడే పగులుతుంది. గార్డు తీసేసి వాడటం, చెక్క కోసే పళ్ళ బ్లేడుని గ్రైండర్‌కి బిగించడం, రెండూ వద్దే వద్దు. పళ్ళు చెక్కలో పట్టేస్తే టూల్ మొత్తం మీ మీదకే ఎగురుతుంది.

డ్రిల్‌ని చిన్నచూపు చూడకండి. 60 న్యూటన్ మీటర్ల టార్క్ అంటే, చక్ మధ్య నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న చేతి మీద 30 కిలోల బలం పడ్డట్టు. హోల్ సా (పెద్ద గుండ్రటి రంధ్రం కోసే బిట్) పట్టేసిన క్షణంలో ఆ బలమంతా మణికట్టు మీదకి వస్తుంది. పక్క హ్యాండిల్ డబ్బాలోనే మిగిలిపోకూడదు, బిగించండి. స్క్రూలకి క్లచ్ (బిగువు మించితే జారి ఆపే నంబర్ల రింగు) చిన్న నంబర్ మీద మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. డ్రిల్ బొమ్మ మీద పెడితే క్లచ్ పనిచేయదని గుర్తుంచుకోండి.

కళ్ళద్దాలు, ఇంపాక్ట్ డ్రైవర్‌కి చెవి మఫ్స్, గోడ కొట్టేటప్పుడు ఎన్95 మాస్కు, ఇవి మీకు తెలిసినవే. డ్రిల్ దగ్గర మాత్రం వదులు గ్లవ్స్, చున్నీ, విరబోసిన జుట్టు వద్దు.

పాడైన బ్యాటరీని ఎలా గుర్తుపట్టాలి? ఫోన్ బ్యాటరీలా ఉబ్బుతుందని ఎదురుచూడకండి. ఈ సెల్స్ స్టీలు డబ్బాల్లో ఉంటాయి, పైకి ఉబ్బు కనిపించదు. మందుల షాపు గుర్తొచ్చే తియ్యటి ఘాటు వాసన, సన్నటి బుస్సుమనే చప్పుడు, వాడకుండానే వెచ్చబడటం, నిండా ఎక్కించినా నిమిషాల్లో టక్కున ఆగిపోవడం, ఇవీ గుర్తులు. ఎత్తు నుంచి పడి పెంకు పగిలినా, నీళ్ళలో మునిగినా ఇక ఛార్జ్ చేయొద్దు. ఆరబెడితే బాగైపోదు.

పొగ మొదలైతే చేత్తో పట్టుకోకండి, ఆ పొగ పీల్చకండి. అందుబాటులో ఉంటే ఛార్జర్‌కి వచ్చే కరెంట్ ఆపి, అందరినీ బయటకి పంపి, ఫైర్ సర్వీస్‌కి ఫోన్ చేయండి. పొడి చల్లే సిలిండర్ మంటని ఆర్పుతుంది కానీ సెల్స్‌ని చల్లబరచదు, కాసేపటికి మళ్ళీ అంటుకుంటుంది. వేడిని దించేవి ధారాళంగా పోసే నీళ్ళే.

పనికిరాని ప్యాక్‌ని చెత్తబుట్టలో వేయకండి, చెత్త బండిలో నలిగితే అక్కడే అంటుకుంటుంది. టెర్మినల్స్ అన్నిటి మీదా ఇన్సులేషన్ టేప్ రెండు చుట్లు వేసి, ఈ-వేస్ట్ తీసుకునే చోటికి ఇచ్చేదాకా ఇంటి బయట, మండే వస్తువులకి దూరంగా పెట్టండి. ఆ టేప్ మీద 'పాడైంది' అని పెద్దగా రాయండి, లేకపోతే ఇంట్లో ఇంకెవరో మంచిదే అనుకుని డాక్‌లో పెట్టేస్తారు.