మాట అదే, లోపలి సరుకు వేరు

అందరికీ నమస్కారం.

చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాలు ఎన్ని? ఎనిమిది అంటారు. 2005లో అడిగితే తొమ్మిది అనేవారు, 1810లో అయితే పదకొండు. 1801లో కనబడ్డ సెరిస్‌నూ, దాని వెనకే దొరికిన పల్లాస్, జునో, వెస్టాలనూ అప్పట్లో గ్రహాల పంక్తిలోనే కూర్చోబెట్టారు. అలాంటివి మరీ ఎక్కువగా దొరకసాగాక లేపేశారు. నవగ్రహాల్లోనైతే సూర్యచంద్రులున్నారు, మనం నిలబడ్డ భూమి మాత్రం లేదు. మాట ఒక్కటే, లోపలి సరుకు మారుతూ వచ్చింది.

అచ్చు పుస్తకాల కాలంలో ఇది పెద్ద చిక్కు కాదు. పాత ముద్రణ పాత అర్థంతో అలమరలో ఉండిపోయేది. ఆన్‌లైన్ విజ్ఞాన భాండాగారాల్లో కొత్త అర్థం పాత చిరునామాలోనే కాపురం పెడుతుంది.

2006 ఆగస్టు 24న ప్రాగ్‌లో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహానికి కొత్త నిర్వచనం ఇచ్చింది. ప్లూటో మరుగుజ్జు గ్రహమైంది. ప్లూటో గురించిన పేజీని సవరించారు, అది కంటికి కనిపించే మార్పు. నన్ను తొలిచేది కనిపించని మార్పు. అంతకుముందెప్పుడో రాసిన ఒక వ్యాసంలో ‘గ్రహం’ అన్న మాటకు లింకు ఉందనుకోండి. వ్యాసంలో ఒక్క అక్షరమూ మారలేదు. లింకు నొక్కితే మాత్రం ఆ వ్యాసం రాసినవారు ఎరగని నిర్వచనం తెరుచుకుంటుంది. పేజీ చరిత్ర భద్రంగా ఉంది కదా అంటారు. వికీపీడియాలో ఏదైనా పాత కూర్పు తెరిచి చూడండి. వాక్యాలు ఆనాటివే. అందులోని లింకులు మాత్రం ఈనాటి పేజీలకు తీసుకెళతాయి, మూసలు, అంటే చాలా పేజీల్లో ఒకేలా వాడే తయారు ముక్కలు, ఈనాటి రూపంలోనే కనిపిస్తాయి. భద్రపరిచింది అక్షరాన్ని, అర్థాన్ని కాదు.

2012లో మొదలైన వికీడేటా వికీపీడియాకు తోడుగా నడిచే సమాచార భాండాగారం. అందులో ప్రతి అంశానికీ ఒక సంఖ్య ఉంటుంది. ప్లూటోది క్యూ339. పేరు ఏ భాషలో ఎలా ఉన్నా సంఖ్య అదే కాబట్టి అంతా స్థిరంగా ఉందనిపిస్తుంది. కానీ ఆ అంశం ఏమిటన్నది చెప్పేది దాని పైనున్న వర్గాల గొలుసు. ఎవరో ఒక వర్గాన్ని ఇంకో వర్గం కిందికి జరిపితే చాలు, దాని దిగువన ఉన్న అంశాలన్నిటి అర్థం కదులుతుంది. వాటి సొంత చరిత్రలో ఒక్క సవరణా నమోదు కాదు. ఇల్లు కదల్లేదు, గోడ కూలలేదు, సరిహద్దు జరిగి జిల్లా మారిపోయింది!

దీనికి తిరగబడ్డ ఉదాహరణా ఉంది. 1889 నుంచి కిలోగ్రామంటే ఒక ప్లాటినం-ఇరిడియం దిమ్మె ద్రవ్యరాశి. 2019 మే 20 నుంచి అది ప్లాంక్ స్థిరాంకమనే, ప్రకృతిలో మారని ఒక విలువతో ముడిపడింది. నిర్వచనం పునాదులతో సహా మారింది, రోజువారీ తూకాల్లో తేడా రాలేదు. కాబట్టి నిర్వచనం మారడమూ, దాని కిందికి వచ్చే వస్తువులు మారడమూ రెండు వేర్వేరు సంగతులు. వికీల్లో సవరణలు చేసే మనవాళ్లు తరచూ రెంటినీ ఒకే గాటన కడతారు.

మందు లేకపోలేదు. వికీడేటాలో ఒక ప్రకటనకు, అంటే ఒక అంశం గురించి నమోదుచేసిన మాటకు, ప్రారంభ కాలం, ముగింపు కాలం జతచేయవచ్చు. ‘ప్లూటో గ్రహం’ అన్నది అబద్ధం కాదు, 2006 వరకు చెల్లుబాటైన మాట. దానికి తేదీ వేసి ఉంచాలి. అయితే శుభ్రం చేయాలన్న ఉబలాటం గలవాళ్లకు తేదీ వేయడం కన్నా తుడిచేయడమే సులువు. ఆ పని నేనూ చేశాను.

ఇప్పుడు ఏ వర్గాన్నైనా జరపబోయే ముందు ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ తెరుస్తాను. ఆ జాబితా కిందికంటా చూసేసరికి సగంసార్లు సవరణ మానుకుంటాను.